అమెరికాలో నల్లజాతి సైకాలజిస్టులు, సైకియాట్రిస్టులు ఇంత తక్కువ ఎందుకు? పెరగాలంటే ఏది పనిచేస్తుంది?

అమ్మా, నన్ను అంకుల్ అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. చదివేవాళ్ల కోసం నీ ప్రశ్న రెండు ముక్కల్లో: నువ్వు అట్లాంటాలో సైకాలజీ డిగ్రీ మూడో ఏడు చదువుతున్నావు. నీ రూమ్మేట్ నల్లజాతి అమ్మాయి, క్లాసులో నీకంటే చురుకు. నువ్వు క్లినికల్ పీహెచ్‌డీకి (పేషెంట్లని చూసే సైకాలజిస్టు కావడానికి చేసే డాక్టరేట్) సిద్ధమవుతుంటే ఆ అమ్మాయి "అది మాలాంటి వాళ్లకి కాదులే" అని హెచ్ఆర్ ఉద్యోగాలు వెతుక్కుంటోంది. ఎందుకిలా, ఎవరైనా ఏమైనా చేయగలరా అని అడిగావు.

నేను గుంటూరులో ఎంబీబీఎస్ చేసి వచ్చి ఇక్కడ సైకియాట్రీలో ఇరవై ఆరేళ్లుగా ఉన్నాను. రెసిడెన్సీ, అంటే ఆస్పత్రిలో స్పెషాలిటీ శిక్షణ, మిడ్‌వెస్ట్‌లో. ఆ తర్వాత వీసా వేయివర్ కోసం, అంటే శిక్షణ అయ్యాక దేశం వదిలి వెళ్లాలనే షరతు మాఫీ కావడానికి, మూడేళ్లు మిసిసిపీ డెల్టాలో. అక్కడ నా పేషెంట్లలో ఎక్కువమంది నల్లజాతివాళ్లే. గత పదేళ్లుగా రెసిడెంట్లను ఎంపిక చేసే కమిటీలో ఉన్నాను. కాబట్టి తలుపుకి రెండు వైపులా నిలబడ్డ అనుభవం ఉంది.

ముందు లెక్క చూద్దాం. అమెరికా జనాభాలో నల్లజాతివాళ్లు సుమారు 13 శాతం. సైకియాట్రిస్టుల్లో, అంటే మెడిసిన్ చదివి మందులు రాసే మనసు డాక్టర్లలో, 2 శాతం అని ఏళ్ల తరబడి చెబుతున్నారు. సైకాలజిస్టుల్లో 2015 నాటికి 4 శాతం. సోషల్ వర్క్‌లో (ఇక్కడ సోషల్ వర్కర్లు కౌన్సెలింగ్ కూడా చేస్తారు) పరిస్థితి చాలా నయం. అంటే మనసు బాగోలేనివాళ్లకి సాయం చేసే పని మీద వాళ్లకి ఇష్టం లేదనే మాట నిలవదు. నీ డిగ్రీ క్లాసులోనే చూడు, నల్లజాతి పిల్లలు ఎంతమంది ఉన్నారో. డాక్టరేట్ దగ్గరికి వెళ్లేసరికి వాళ్లలో ఎందరు మిగులుతారో చూడు. జారిపోయేది ఆ మధ్యలోనే.

"ఎవరు చూస్తే ఏంటి, వైద్యం ఒకటేగా" అని మనవాళ్లు పార్టీల్లో నాతో వాదిస్తుంటారు. నా తప్పే ఒకటి చెప్తాను. రెసిడెన్సీ మొదటి ఏడు. అరవై దాటిన నల్లజాతి ఆవిడ వార్డులో చేరింది. భర్త పోయి ఆరు వారాలు. నిద్ర లేదు, ముద్ద దిగడం లేదు. "రాత్రి ప్రభువు నాతో మాట్లాడాడు, మా ఆయన గొంతు కూడా వినిపించింది" అంది. నేను చార్టులో లేని గొంతులు వినిపిస్తున్నాయనీ, మతపరమైన భ్రమలున్నాయనీ రాసేసి, యాంటీసైకోటిక్ (ఇలాంటి భ్రమలకి ఇచ్చే మందు) మొదలుపెడదామని ప్లాన్ కూడా రాశాను. ఆ యూనిట్లో నల్లజాతి సోషల్ వర్కర్ ఒకావిడ ఉండేది. చార్టు చదివి నన్ను కాఫీ మెషిన్ దగ్గరికి పిలిచి మెల్లగా అడిగింది: "డాక్టర్, మీ ఊళ్లో మొగుడు పోయిన ముసలావిడకి ఆయన గొంతు వినిపిస్తే ఏం చేస్తారు?"

నాకు నోట మాట రాలేదు. మా తాతయ్య పోయాక ఏడాది పాటు మా నాయనమ్మ "రాత్రి మీ తాత వచ్చి కాఫీ అడిగాడ్రా" అంటూనే ఉండేది. పక్కింటావిడ "పాపం, ఆశ తీరక వచ్చుంటాడమ్మా" అనేదే తప్ప ఎవరూ ఎర్రగడ్డ పేరెత్తలేదు. జాతరలో పూనకాలు చూస్తూ పెరిగినవాణ్ణి నేను. అలాంటివాణ్ణి తెల్లకోటు వేసుకోగానే ఆ ఆవిడలో మా నాయనమ్మని చూడలేకపోయాను. చివరికి తేలింది దుఃఖం, దాని వెనకే డిప్రెషన్. వైద్యమే మారిపోయింది. ఆ రోజు ఆ సోషల్ వర్కర్ సెలవులో ఉండి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు.

ఇది నా ఒక్కడి కథ కాదు. ఒకే రకం లక్షణాలతో వచ్చినా నల్లజాతి పేషెంటుకి స్కిజోఫ్రీనియా అని రాసెయ్యడం, డిప్రెషన్, బైపోలార్ లాంటివి చూడకుండా వదిలెయ్యడం ఎక్కువని దశాబ్దాలుగా అధ్యయనాలు చెబుతున్నాయి. ఎమర్జెన్సీలో చేతులు కాళ్లు కట్టెయ్యడం కూడా వాళ్లకే ఎక్కువ. నల్లజాతి డాక్టర్ ఉంటే ఇవన్నీ మాయమవుతాయని నేను అనను, చదివిన పుస్తకం వాళ్లకీ అదే కదా. కానీ ఓక్లాండ్‌లో సుమారు 1,300 మంది నల్లజాతి మగవాళ్లతో జరిగిన ఒక ప్రయోగం ఉంది. నల్లజాతి డాక్టర్ ఎదురుగా కూర్చుని మాట్లాడాక షుగర్, కొలెస్ట్రాల్ లాంటి పరీక్షలకి ఒప్పుకున్నవాళ్లు బాగా పెరిగారు. వేలికి సూది గుచ్చించుకోవడానికే అంత తేడా ఉంటే, లోపలి మాట బయటపెట్టాల్సిన మా గదిలో ఎంతుంటుందో ఊహించుకో.

ఇక "మాలాంటి వాళ్లకి కాదు" అనే మాట. ఆ అమ్మాయి దాన్ని గాల్లోంచి తేలేదు. 1851లో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే డాక్టర్, తోటల నుంచి పారిపోయే బానిసలకి డ్రాపెటోమేనియా అనే జబ్బు ఉందని రాశాడు. పారిపోవాలనుకోవడమే రోగమట. 1974లో ఒక యాంటీసైకోటిక్ మందు ప్రకటన ఈ రంగంలో పేరున్న పత్రికలోనే వచ్చింది, అందులో కోపమే రోగం అన్నట్టు పిడికిలి బిగించిన నల్లజాతి మనిషి బొమ్మ. అమెరికాలోని సైకియాట్రిస్టుల సంఘం, సైకాలజిస్టుల సంఘం రెండూ ఇలాంటి చరిత్రకి అధికారికంగా క్షమాపణ చెప్పింది 2021లో. నీ రూమ్మేట్ అమ్మమ్మకి ఈ వృత్తి అంటే అనుమానం ఉంటే దాన్ని చాదస్తం అని కొట్టేయకు.

ఆ ఇళ్లలో వినిపించే ఇంకో మాట మనకీ కొత్త కాదు. నేను సైకియాట్రీ తీసుకున్నానంటే మా అమ్మ ఫోన్లో కాసేపు మాట్లాడకుండా ఉండి, "జనరల్ మెడిసిన్ రాలేదా నాన్నా?" అంది. పిచ్చి డాక్టర్ అనిపించుకోవడం ఆవిడ భయం. డెల్టాలో నా పేషెంట్ల పిల్లలు మెడిసిన్‌కి వెళ్తామంటే చర్చి మొత్తం చప్పట్లు కొడుతుంది, సైకియాట్రీ అంటే మాత్రం "అలాంటివి పాస్టర్ చూసుకుంటారుగా" అంటారు.

చదువుకున్నవాళ్లు లేక కాదు అని చెప్పడానికి ఒక మనిషి చాలు. సాలమన్ కార్టర్ ఫుల్లర్ 1872లో లైబీరియాలో పుట్టి, 1897లో బోస్టన్ యూనివర్సిటీలో మెడిసిన్ పూర్తిచేశాడు. 1904లో మ్యూనిక్ వెళ్లి అలోయిస్ అల్జైమర్ ల్యాబులో పనిచేశాడు. ఇవాళ మన ఇళ్లలో కూడా అనుకునే ఆ అల్జైమరే. తిరిగొచ్చి ఆ జబ్బు గురించి ఇంగ్లీషులో తొలిసారి సమగ్రంగా రాసినవాడు ఫుల్లర్. బోస్టన్‌లో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పాడు, తోటివాళ్లకంటే తక్కువ జీతానికి. చివరికి తనకంటే జూనియర్ అయిన తెల్లాయనకి ప్రొఫెసర్ పదవి, డిపార్ట్‌మెంట్ ఇచ్చేసరికి 1933లో తప్పుకున్నాడు.

సైకాలజీలోనూ అంతే. ఫ్రాన్సిస్ సమ్నర్ 1920లో డాక్టరేట్ తీసుకున్న మొదటి నల్లజాతి మనిషి. తర్వాత నల్లజాతివాళ్ల యూనివర్సిటీగా పేరున్న హోవార్డ్‌లో సైకాలజీ విభాగాన్ని నిలబెట్టాడు. కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ దంపతులు ఆ హోవార్డ్ నుంచి వచ్చినవాళ్లే. నల్ల బొమ్మ, తెల్ల బొమ్మల్లో ఏది మంచిదని నల్లజాతి పిల్లల్ని అడిగిన వాళ్ల బొమ్మల ప్రయోగం నీ సిలబస్‌లో ఉండే ఉంటుంది, బళ్లలో జాతి విభజన చెల్లదని 1954లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో వాళ్ల పని ప్రస్తావనకొచ్చింది. సిలబస్‌లో లేని సంగతి ఏంటంటే, మేమీ 1943లో కొలంబియా నుంచి పీహెచ్‌డీ తీసుకున్నాక ఆ చదువుకి తగ్గ ఉద్యోగం దొరక్క తిరిగింది. 1946లో భార్యాభర్తలిద్దరూ హార్లెంలో పిల్లల కోసం తామే ఒక కేంద్రం పెట్టుకున్నారు. ఒక్క హోవార్డ్‌లో ఒక్క సమ్నర్ ఉంటే ఎంతమంది తయారయ్యారో చూశావా? మెడిసిన్‌లో ఇలా తయారుచేసే చోట్లనే మూసేశారు. 1910లో మెడికల్ కాలేజీల మీద వచ్చిన ఫ్లెక్స్‌నర్ నివేదిక తర్వాత ఉన్న ఏడు నల్లజాతి మెడికల్ కాలేజీల్లో ఐదు మూతపడ్డాయి. హోవార్డ్, మెహారీ మిగిలాయి. ఆ దెబ్బ ఇప్పటికీ లెక్కల్లో కనిపిస్తోంది.

చరిత్ర చాలు, ఇప్పటి సంగతికొస్తాను. నా దృష్టిలో అసలు విషయం మెట్టుకీ మెట్టుకీ మధ్య ఉన్న ఖాళీ. క్లినికల్ పీహెచ్‌డీ సీటు ఆరో ఎనిమిదో ఉంటే అప్లికేషన్లు వందల్లో వస్తాయి. మార్కులు అందరికీ ఉంటాయి, అందుకని ల్యాబులో పనిచేసిన అనుభవం చూస్తారు. డిగ్రీలో ఉండగా ల్యాబ్ పని చాలాచోట్ల జీతం లేని పని. వారానికి పది గంటలు ఉచితంగా డేటా ఎక్కించే తీరిక ఎవరికి ఉంటుంది? ఇంటి నుంచి అద్దె వచ్చేవాళ్లకి. డెల్టా నుంచి వచ్చిన ఒక అబ్బాయి నా దగ్గర సలహాకి వచ్చినప్పుడు అతని వారం కాగితం మీద గీయించాను. క్లాసులు, గోడౌన్‌లో నాలుగు నైట్ షిఫ్టులు, ఆదివారం తమ్ముణ్ణి చూసుకోవడం. ల్యాబ్ గడిలో రాయడానికి మిగిలింది మంగళవారం పొద్దున రెండు గంటలు. ఆ రెండు గంటల్ని చూపించి "పరిశోధన మీద ఆసక్తి తక్కువ" అని రాసే కమిటీలు నాకు తెలుసు. ఒకప్పుడు మాదీ అలాంటిదే.

ఖర్చు అక్కడితో ఆగదు. ఒక్కో అప్లికేషన్‌కి ఫీజు, పది పన్నెండు చోట్లకి పెట్టాలి. ఐదారేళ్ల చదువు, చివర్లో వేరే ఊరికి సామాను మోసుకెళ్లి తక్కువ స్టైపెండ్ మీద ఏడాది ఇంటర్న్‌షిప్, తర్వాత లైసెన్స్ పరీక్ష. పీహెచ్‌డీ సీటు రాలేదని సైడీ (PsyD, పరిశోధన కన్నా చికిత్స మీద ఎక్కువగా నడిచే డాక్టరేట్) వైపు వెళ్తే లక్ష డాలర్లు దాటే అప్పు మామూలే. సైకియాట్రీ అయితే డిగ్రీ నాలుగు, మెడిసిన్ నాలుగు, రెసిడెన్సీ నాలుగు. పన్నెండేళ్లు ఇంటికి డబ్బు పంపకుండా ఉండగలిగిన ఇల్లు కావాలి.

డబ్బు కన్నా నాకు పెద్దగా కనిపించేది ఇంకోటి ఉంది. నేను ఈ దేశంలో దిగినప్పుడు నా చేతిలో ఉన్నది మా కాలేజీ సీనియర్ ఒకాయన ఫోన్ నంబరు. రెండు నెలలు ఆయన హాల్లో పడుకున్నాను. పాత పుస్తకాలు ఇచ్చాడు, వాళ్ల బాస్‌తో మాట్లాడి అబ్జర్వర్‌షిప్ (ఆస్పత్రిలో డాక్టర్ల వెంట ఉండి చూసే అవకాశం) ఇప్పించాడు, నా పర్సనల్ స్టేట్‌మెంట్ ఎర్రపెన్నుతో సగం కొట్టేశాడు. వాళ్లావిడ డైనింగ్ టేబుల్ దగ్గర పప్పు వడ్డిస్తూ "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అని ఇంటర్వ్యూ చేసేది. దీన్ని ఎవరూ మెంటరింగ్ ప్రోగ్రామ్ అనలేదు. ఇవాళ అమెరికాలో సైకియాట్రిస్టుల్లో సుమారు 30 శాతం బయటి దేశాల్లో మెడిసిన్ చదివినవాళ్లు, అందులో మనవాళ్లు బోలెడు. మనం అంత తెలివైనవాళ్లమని కాదు, మనకి ముందు వెళ్లిన సీనియర్ ఉన్నాడు. నీ రూమ్మేట్‌కి ఈ వృత్తిలో ఆ ఫోన్ నంబరు లేదు.

"మీరొచ్చి వాళ్ల సీట్లు తీసుకున్నారు కదా" అని ఒకసారి ఒక నల్లజాతి స్టూడెంట్ నా మొహం మీదే అడిగాడు. నేను చేరినప్పుడు సైకియాట్రీ ఇక్కడి పిల్లలకి పట్టని సబ్జెక్టు, సీట్లు ఖాళీగా ఉండేవి. ఇప్పుడు పోటీ విపరీతం. అతని ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ వాళ్ల ఊళ్లల్లో వాళ్ల పేషెంట్లతో నేర్చుకున్న పని ఇది, కాబట్టి తిరిగి ఇవ్వాల్సింది ఉందని మాత్రం ఒప్పుకున్నాను. ఇంకో మాట కూడా. "ఆ ఏరియాలో ఇల్లు కొనకండి, వాళ్లెక్కువ" అని మన పార్టీల్లో ఎంత తేలిగ్గా అంటామో నీకూ తెలుసు. ఆ నోటితో సోమవారం క్లినిక్‌కి వెళ్లి వాళ్ల బాధ వింటాం. ముందు అది కడుక్కోవాలి.

సరే, పనిచేసేది ఏంటి. అన్నిటికంటే ముందు ఆ మధ్య ఖాళీల్లో డబ్బు పెట్టడం. ల్యాబ్ పనికి జీతం, అప్లికేషన్ ఫీజు మాఫీ, ఇంటర్వ్యూలు వీడియోలో. ఇవి చిన్నవిగా కనిపిస్తాయి, కానీ పిల్లలు రాలిపోయేది సరిగ్గా ఇక్కడే. పెద్ద ఎత్తున చూస్తే 1974లో మొదలైన మైనారిటీ ఫెలోషిప్ ప్రోగ్రామ్ ఒక ఉదాహరణ, సైకాలజీకీ సైకియాట్రీకీ విడివిడిగా. ఈ రంగంలో ఇవాళ పెద్దవాళ్లుగా కనిపించే చాలామంది అందులోంచి వచ్చినవాళ్లే. 2024లో బ్లూమ్‌బర్గ్ ఫిలాంత్రపీస్ అనే దాతృత్వ సంస్థ నాలుగు నల్లజాతి మెడికల్ కాలేజీలకి కలిపి 60 కోట్ల డాలర్లు ఇచ్చింది. నాకు ఇలాంటివి నచ్చుతాయి. తయారుచేసే చోటుకి డబ్బిస్తే అక్కడ సమ్నర్‌లు నిలబడతారు.

ఎంపిక పద్ధతి మార్చడం రెండోది. 2023 జూన్‌లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత కాలేజీలు సీటిచ్చేటప్పుడు జాతిని లెక్కలోకి తీసుకోకూడదు. తన జీవితం మీద దాని ప్రభావం గురించి అభ్యర్థి వ్యాసంలో రాసుకోవచ్చు, అంతే. అందుకని చేతులు ఎత్తేసిన కమిటీలు ఉన్నాయి. మేము చేసింది ఇది: అందరికీ అవే ప్రశ్నలు, కబుర్లు మొదలవకముందే ఎవరి మార్కులు వాళ్లు కాగితం మీద వేసెయ్యాలి. గ్రూప్ హోంలో (మానసిక సమస్యలున్నవాళ్లు కలిసి ఉండే ఇల్లు) నాలుగేళ్లు నైట్ డ్యూటీ చేసిన మనిషికి, ఒక పరిశోధన పేపర్లో ఆరో పేరుగా ఉన్న మనిషికి సమానంగా మార్కులు. మా కమిటీలో ఒక పెద్దాయన "ఆ నైట్ డ్యూటీలో ఏం నేర్చుకుంటారు" అన్నారు. అర్ధరాత్రి మూడింటికి కుర్చీ ఎత్తినవాణ్ణి సెక్యూరిటీని పిలవకుండా కూర్చోబెట్టడం నేర్చుకుంటారండీ, మీకూ నాకూ రానిది అన్నాను. ఈ మార్పు ఏ జాతి పేరూ ఎత్తకుండానే జరిగింది. వచ్చేవాళ్లు మారారు.

మూడోది ఎవరూ చూడనిది. లోపలికి వచ్చినవాళ్లని నిలబెట్టుకోవడం. నేను ఇదివరకు పనిచేసిన ఒకచోట నల్లజాతి రెసిడెంట్ ఒకతను ఉండేవాడు, బ్యాచ్ మొత్తానికి ఒక్కడే. వెబ్‌సైట్‌లో అతని ఫొటో మూడుచోట్ల. డైవర్సిటీ కమిటీలో అతనే, నల్లజాతి స్టూడెంట్లు ఎవరొచ్చినా భోజనానికి తీసుకెళ్లేది అతనే. పేషెంట్ బంధువులు అతన్ని చూసి "భోజనం ట్రే ఇంకా రాలేదు" అనడం నేను చెవులారా విన్నాను, మెడలో డాక్టర్ బ్యాడ్జ్ ఉండగానే. ఇలాంటి వాటికి మైక్రో అగ్రెషన్ అనే పేరు పెట్టింది కూడా ఒక నల్లజాతి సైకియాట్రిస్టే, చెస్టర్ పియర్స్, 1970లో. ఆ కుర్రాడు రెండేళ్లు ఓపిక పట్టి వెళ్లిపోయాడు. ఫొటో మాత్రం ఆ తర్వాత ఏడాది దాకా వెబ్‌సైట్‌లో ఉంది. ఇద్దరు ముగ్గుర్ని కలిపి తీసుకోవడం, కమిటీ పనికి డ్యూటీ గంటలు తగ్గించడం, ఈ రెండు చేసినా అతను ఉండేవాడేమో.

పనిచేయనివి చెప్పమంటే, నల్లజాతి చరిత్ర నెల అని ఫిబ్రవరిలో అంటించి మార్చిలో చింపే పోస్టర్లు. అంతకంటే వాటి మీద మాట అనవసరం.

ఇప్పుడు మీ రూమ్మేట్ సంగతి. పీహెచ్‌డీ అంటే అప్పు అనుకుంటూ ఉంటే ఆ అపోహ ముందు తీసెయ్. మంచి క్లినికల్ పీహెచ్‌డీల్లో ఎక్కువ వాటిలో ట్యూషన్ మాఫీ, స్టైపెండ్ ఉంటాయి. కౌన్సెలింగ్ సైకాలజీ పీహెచ్‌డీ చేసినా అదే లైసెన్స్, అది కూడా చూడమను. జీఆర్ఈ చాలాచోట్ల తీసేశారు. హోవార్డ్, మిసిసిపీలో జాక్సన్ స్టేట్ ఈ రెండిట్లో క్లినికల్ పీహెచ్‌డీ ఉంది. మీ కాలేజీలో మెక్‌నెయిర్ స్కాలర్స్ ఆఫీస్ ఉందేమో అడగండి, తక్కువ ఆదాయం ఉన్న ఇళ్లలోంచి వచ్చి, ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివే పిల్లలకి జీతమిచ్చి మరీ పరిశోధన నేర్పిస్తారు. ఇవి ఫెడరల్ డబ్బు మీద నడిచేవి, ప్రభుత్వం మారినప్పుడల్లా ఊగుతాయి, ఈ ఏడు నడుస్తోందో లేదో నేరుగా కనుక్కోవాలి. 1968లో పుట్టిన బ్లాక్ సైకాలజిస్టుల సంఘానికి విద్యార్థుల విభాగం ఉంది. నేనిచ్చే ఏ సలహా కన్నా అక్కడ దొరికే సీనియర్ విలువైనది, ఎందుకంటే "మాలాంటి వాళ్లకి కాదు" అనే మాటకి జవాబు నా నోట్లోంచి రాదు. లెక్కలన్నీ చూశాక సోషల్ వర్క్ మాస్టర్స్ రెండేళ్లలో అయిపోతుంది, అదే చేస్తానంటే అదీ మంచిదే. నన్ను కాఫీ మెషిన్ దగ్గర నిలబెట్టి అడిగిన ఆవిడ చదివింది అదే.

నీ వంతు ఏంటని అడిగావు. నీ దగ్గర సీనియర్లు పంపిన ఎక్సెల్ షీట్ ఉండే ఉంటుంది, ఏ ప్రొఫెసర్ వచ్చే ఏడు కొత్త స్టూడెంట్‌ని తీసుకుంటున్నారు, ఎవరికి ఎప్పుడు మెయిల్ పెట్టాలి, ఎక్కడ ఫీజు మాఫీ ఉంది అన్నీ రాసి ఉన్నది. ప్రొఫెసర్‌కి ముందుగా మెయిల్ పెట్టాలనే సంగతే ఆ అమ్మాయికి ఎవరూ చెప్పి ఉండరు. ఈ రాత్రే ఆ షీట్ షేర్ చెయ్. మెయిళ్లు వచ్చే ఏడు ఆగస్టు, సెప్టెంబరులో వెళ్లాలి. చాలా ప్రోగ్రాములకి గడువు డిసెంబర్ 1.